అంకితం పేజీలో నా మొహం

దండ వేసిన నా ఫోటోని నేను నా ఫోన్‌లోనే చూశాను. ఫిల్మ్‌నగర్‌లో మా ఆఫీసు గదిలో, మధ్యాహ్నం పూట పెరుగన్నం డబ్బా తెరిచి కూర్చున్నాను. ఫోన్ టింగుమంది. కుడిచెయ్యి ఎంగిలి కాబట్టి ఎడమచేత్తో తెరిచాను. చెక్క ఫ్రేములో ఒక ఆడమనిషి. అద్దం మీద, సరిగ్గా నుదురున్న చోట, కుంకుమ బొట్టు. వాడిపోయిన బంతిపూల దండ. ఫ్రేము కింద గోడకి అగరొత్తుల మసి. ఆ ఆడమనిషి నేనే.

ఫోటో కింద మెసేజ్ ఉంది. "మేడం, అంకితం పేజీకి మా అమ్మ ఫోటో. వేరే ఫోటో లేదు, ఇదొక్కటే."

మెతుకు గొంతుకి అడ్డం పడి పొలమారింది. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారంటారు. నన్నెవరో ఏళ్ళ తరబడి అగరొత్తులు వెలిగించి మరీ తలుచుకుంటున్నారని ఆ క్షణం దాకా నాకు తెలియదు. నాకు పెళ్ళే కాలేదు, ఇక కానుపు సంగతి సరేసరి. బీపీ తప్ప చెప్పుకోదగ్గ జబ్బు కూడా లేదు. డబ్బా మూత పెట్టేసి, చెయ్యి కడుక్కుని వచ్చి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. నేనే.

ఇది మొదటి నుంచీ చెప్పాలి. నేను చాలా ఏళ్ళు సినిమాల్లో డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేశాను. రచయితలు నోటితో చెప్పే డైలాగులని శుభ్రంగా కాపీ రాయడం, సెట్లో ఆర్టిస్టుల పక్కన నిలబడి అందించడం నా పని. అది వదిలేశాక, ఒకప్పుడు కో-డైరెక్టర్‌గా చేసిన ఒకాయనతో కలిసి పుస్తకాలు వేస్తున్నాను. గోదావరి వైపు మనిషి, నాకంటే చిన్నవాడు, నన్ను అక్కయ్యగారూ అంటాడు. ఋతువుకొక చిన్న సంపుటి తెస్తాం. ఎండాకాలానికొకటి, వానలకొకటి, చలికొకటి. అన్నీ ఫాంటసీలు, ఊహాకథలే. జరగనివి, జరిగితే ఎలా ఉంటుందో అని రాసినవి. పెట్టుబడి ఆయనది, ఏరడం నాది.

జరగనివాటితో నాకేం పేచీ లేదు. గోడలోంచి మనిషి నడిచి రావచ్చు. వచ్చిన మనిషి భుజానికి సున్నం అంటుకుందా లేదా అన్నది మాత్రం రచయిత నాకు చెప్పి తీరాలి. సెట్లో ఒక షాటుకీ ఇంకో షాటుకీ తేడా రాకుండా కంటిన్యూటీ చూసి చూసి వచ్చిన జబ్బు ఇది. దీని మూలంగా చాలామంది కుర్ర రచయితలు నన్ను వెనకాల తిట్టుకుంటారని తెలుసు. తిట్టుకోనీ.

మా పబ్లిషరుగారి జబ్బు వేరే. కథలు ఇంకా చేతికి రాకముందే ఆవిష్కరణకి హాలు మాట్లాడేస్తాడు, అతిథులకి ఫోన్లు చేసేస్తాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటే ఈయనే. ఈ వానాకాలం సంపుటికి ఇంకో ఆలోచన చేశాడు. ఒక్కో కథ ముందు ఒక్కో అంకితం పేజీ ఉండాలి, ఎవరికి అంకితమో వాళ్ళ ఫోటో ఉండాలి, అప్పుడు ఆ చుట్టాలందరూ తలా ఒక కాపీ కొంటారు. సినిమా బుర్ర కదా. నాకు నచ్చలేదు. ఫోటోలంటేనే నాకు పడదు. ఫోన్‌లో కూడా నా ఫోటో బదులు వానమబ్బు బొమ్మ పెట్టుకున్నాను. అయినా డబ్బు పెట్టేవాడి మాట అని ఊరుకున్నాను.

వచ్చిన కథల్లో సగానికి పైగా మరమనుషులు, కాలంలో వెనక్కి పోయే యంత్రాలు. అవన్నీ పక్కన పెడుతూ పోతుంటే ఒక కథ దగ్గర ఆగిపోయాను. నగరంలో ఒక బస్తీ. తొలకరి వాన పడిన రోజు నుంచి ఆ బస్తీలో గోడల మీదున్న చనిపోయినవాళ్ళ ఫోటోలకి వయసు పెరగడం మొదలవుతుంది. తాతల ఫోటోలు గబగబా ముడుతలు పడి మసకబారిపోతాయి. పసిపిల్లాడి ఫోటోకి మీసాలొస్తాయి, వాడి తల్లి ఆ మీసాలని రోజూ కొంగుతో తుడిచి చూస్తుంది. కథ చెప్పే అమ్మాయికి తల్లి లేదు, ఫోటో ఉంది. పోయినవాళ్ళు ఉన్నచోటే ఆగిపోతారు, బతికున్న పిల్లలు వాళ్ళని దాటి పెద్దవాళ్ళయిపోతారు కదా. ఈ కథలో అలా జరగదు. తల్లి కూతురి ముందే ఉంటుంది, కూతురు ఎంత పెరిగినా తల్లి ఇంకాస్త పెద్దదిగానే ఉంటుంది. చివరికి ఫోటోలో ఆమె బాగా ముసలిదైపోతుంది. ఇక రెండోసారి పోతుందేమోనని కూతురు భయపడి, వాన తగలకుండా గోడకి టార్పాలిన్ కడుతుంది.

మంచి కథ చదివితే నాకు కోపం వస్తుంది, నేను రాయలేకపోయానని. ఆ రోజు బాగా వచ్చింది.

రాసినామె జూబ్లీహిల్స్‌లో ఒక గ్రాఫిక్స్ కంపెనీలో ఉద్యోగం చేస్తుంది. ఇల్లు బోరబండలో, తండ్రితో. ఫోన్ చేసి మెచ్చుకున్నాను, వెంటనే ఒక మార్పు కూడా అడిగాను. కథలో తల్లి ఒక్క మాట కూడా మాట్లాడదు, ఆ ముసలమ్మ చేత ఒక్క మాటైనా అనిపించమన్నాను.

"ఆమె ఎట్ల మాట్లాడ్తదో నాకు తెల్వదు కద మేడం. నేను పసిపిల్లగున్నప్పుడే పోయింది. తెల్వనిది ఎట్ల రాయాలె?"

ఎర్ర సిరా పెన్నుకి మూత పెట్టేశాను. ఆ తర్వాత ప్రూఫుల కోసం, బొమ్మల కోసం చాలాసార్లు ఫోన్లో మాట్లాడుకున్నాం. చురుకైన పిల్ల. నేను విసుక్కుంటే నవ్వేది. మొహాలు మాత్రం చూసుకోలేదు. ఆ తర్వాతే ఈ ఫోటో వచ్చింది.

ఆ ఫోటో ఎక్కడిదో గుర్తు రావడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు. దాదాపు ముప్ఫై ఏళ్ళ నాటిది. అప్పుడు నేను పనిచేస్తున్న సినిమాలో హీరో తల్లి అతని చిన్నప్పుడే పోయిందని కథ. హాల్లో గోడ మీద ఆమె ఫోటో ఉండాలి. సినిమావాళ్ళు దేనికైనా ఒప్పుకుంటారు గాని, ఫోటోకి దండ వేయించుకోవడానికి మాత్రం అంత తొందరగా ఒప్పుకోరు. బతికున్న మనిషికి అది మంచిది కాదని నమ్మకం. ఆ వేషానికి అనుకున్నామె ఆ పొద్దున్న రానంది. డైరెక్టరుగారు అటూ ఇటూ చూసి, సీను కాగితాలు పట్టుకుని నిలబడ్డ నన్ను చూశాడు. మీ మొహంలో అమ్మతనం ఉందండీ అన్నాడు. అప్పటికి నాకు ముప్ఫై కూడా నిండలేదు. ఒళ్ళు మండింది. కానీ షూటింగ్ ఆగిపోతుందని అందరూ నా వైపే చూస్తుంటే ఏం చేస్తాను. కాస్ట్యూమ్స్‌లోంచి ఒక ఆకుపచ్చ నేతచీర తెచ్చి కట్టారు. మేకప్ మ్యాన్ పెద్ద బొట్టు పెట్టి, ముక్కుకి రాయి ఉన్న ముక్కుపుడక జిగురుతో అంటించాడు. ఫోటో తీసి, మర్నాటికి ఫ్రేము కట్టించి, దండ వేసి, గోడకి తగిలించారు.

దీనికో పద్ధతి ఉంది. షాట్ అయిపోగానే ఆ మనిషిని కెమెరా ముందుకి పిలిచి గట్టిగా నవ్వమంటారు. చావు వేషం వేసినవాళ్ళని కూడా అంతే, లేపి నవ్విస్తారు. ఆ నవ్వు కాస్త ఫిల్ము మీద పడితే దోషం పోయినట్టు. ఆ తర్వాత దండ తీసేసి ఫోటో ఆ మనిషి చేతికిచ్చేస్తారు. నేను నవ్వాను. ఫోటో మాత్రం చేతికి రాలేదు, ఇంకో రెండు సీన్లున్నాయి ఉండనివ్వమన్నారు. ఆ రెండు సీన్లూ తీయలేదు. నిర్మాత చేతులెత్తేశాడు, సినిమా మధ్యలో ఆగిపోయింది, సెట్టు పీకేశారు. ఎవరూ చూడని సినిమాలో ఎవరూ చూడని ఫోటో. నేనూ మర్చిపోయాను.

మర్చిపోయిన ఆ ఫోటోకి ఎవరో ఇన్నాళ్ళూ దండలు మారుస్తూనే ఉన్నారు.

ఎవరికైనా చెప్పకపోతే ఊపిరాడేటట్టు లేదు. పబ్లిషరుగారికి చూపించాను. ఆయన ఫోటో చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ ఫోటో చూశాడు, వెళ్ళి దేవుడి పటం ముందు నుంచి చిటికెడు కుంకుమ తెచ్చి నా నుదుట పెట్టాడు. తర్వాత తేరుకుని, దీనికంత కంగారెందుకండీ అక్కయ్యగారూ, ఇప్పుడు కంప్యూటర్‌లో ఏ మొహం కావాలంటే ఆ మొహం వస్తుంది, చూడముచ్చటైన వేరే అమ్మని చేయించి పెట్టేద్దాం అన్నాడు.

"ఇంకో అమ్మనా?" అన్నాను. నా గొంతుకి కింద టిఫిన్ సెంటర్ వాళ్ళు కూడా తలెత్తి చూశారట. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆ సాయంత్రం ధైర్యం చేసి ఆ పిల్లకి ఫోన్ చేశాను. రచయిత పరిచయం రాయాలని అబద్ధమాడి, అమ్మ గురించి అడిగాను. ఆమె ఎంత సంతోషంగా చెప్పిందో చెప్పలేను. అమ్మది ప్రేమపెళ్ళట, పుట్టింటివాళ్ళు ఆ రోజే తెగతెంపులు చేసుకున్నారట. అమ్మ పోయాకే తండ్రి బోరబండకి వచ్చాడట. ఫోటోలో అమ్మకి ముక్కుపుడక ఉందని తనూ పదో తరగతి అయిపోగానే అటువైపే ముక్కు కుట్టించుకుందట. చివర్లో అంది, "బస్తీల అందరు అంటరు మేడం, ముక్కు, గదువ అచ్చం అమ్మ పోలికేనని."

ఫోన్ పెట్టేసి బాత్రూములోకి వెళ్ళి అద్దంలో నా ముక్కు, గడ్డం చూసుకున్నాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ నా ముక్కు గురించి ఆలోచించిన పాపాన పోలేదు. భయమేసింది. దయ్యమంటే చచ్చిపోయి తిరిగేది అనుకుంటాం. బతికుండగానే ఒక ఇంటి గోడ మీద దయ్యాన్నై కూర్చున్నాను, ఆ ఇంట్లో ఒక పిల్లకి తల్లినైపోయాను, నాకు చెప్పినవాళ్ళు లేరు.

తండ్రి నంబరు అదే సాకుతో తీసుకుని ఆయన్ని ఆఫీసుకి రమ్మన్నాను. సెట్లలో వడ్రంగం చేసేవాడట, ఇప్పుడు షేక్‌పేట దగ్గర అపార్ట్‌మెంట్లలో అల్మారాల పని చేస్తున్నాడు. హెల్మెట్ చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, నన్ను చూసి, అక్కడే నిలబడిపోయాడు. ఆ చూపు నేనెప్పటికీ మర్చిపోలేను. హెల్మెట్ జారి కింద పడి గుండ్రంగా తిరిగింది, ఆయన తీయలేదు.

"మీరు ఉన్నరా అమ్మా?" అన్నాడు.

"నేను పోయానని మీకెవరు చెప్పారు?" అన్నాను. నేను అరవాలనే రమ్మన్నాను. మూడు రోజులుగా ఏమేం అనాలో నెమరేసుకుంటున్నాను. కానీ ఆ మనిషి కుర్చీ అంచు మీద కూర్చున్న తీరు చూసి నా కోపం సగం చచ్చింది.

నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. ఆయన భార్యకి ఫోటో అంటూ లేదు. గుళ్ళో పెళ్ళి, ఫోటో తీసేవాళ్ళు లేరు, తర్వాత తీయించుకుందాం అనుకున్నారు. పిల్లకి ఏడాది నిండకుండానే ఆమె జ్వరం వచ్చి పోయింది. పిల్ల బడికెళ్ళే వయసుకి వచ్చింది. ఒకరోజు బడిలో అందరినీ అమ్మ బొమ్మ గీయమన్నారు.

"అందరు గీసిన్రు. ఇది ఒక్క గుండ్రం గీసి ఇడిసిపెట్టింది. గా కాయితం ఇంటికి తెచ్చి, నాయినా ఇండ్ల ఏం గియ్యాలె అని అడిగింది."

ఆ వారమే మా సెట్టు పీకారు. పీకేవాళ్ళలో ఈయన కూడా ఉన్నాడు. చెత్తలోకి విసిరేసిన సామాన్లలో దండతో సహా ఈ ఫోటో కనిపించింది. దండ ఉన్న ఫోటోని చెత్తలో వేయడానికి చెయ్యి రాలేదట. ఇంటికి తెచ్చాడు. చీర రంగు కాస్త తన భార్య చీరలాగే ఉంది. పిల్ల గోడకేసి చూసి, అమ్మనా అని అడిగింది. ఆయన ఊఁ అన్నాడు. ఆ ఒక్క ఊఁ తప్ప ఈ విషయంలో పిల్లకి తను ఏ అబద్ధమూ చెప్పలేదని నాతో అన్నాడు. ఆ తర్వాత చెప్పాల్సిన అవసరం రాలేదు, ఫోటోయే చెప్పుకుపోయింది.

నాకు జాలి కలగలేదని చెప్పను. కానీ కోపం కూడా ఎటూ పోలేదు. ముప్ఫై దాటిన పిల్ల, చదువుకున్న పిల్ల, ఎవరి మొహమో చూసుకుని తన మొహం దిద్దుకుంటోంది. రేపు ఆవిష్కరణకి వస్తుంది, వేదిక మీద నన్ను చూస్తుంది, అప్పుడేం చేస్తారు అన్నాను. ఆయన చేతులు జోడించి, మీరు ఆ రోజు రాకుండా ఉండలేరా అని అడిగాడు. నా పుస్తకానికి నేను రాకూడదట. నా నోటికి ఏదో వచ్చేదే, పళ్ళ బిగువున ఆపుకున్నాను.

"చెప్తనమ్మా. నేనే చెప్త. బోనాలు కానియ్యుండ్రి. పండుగ పూట పిల్లని ఏడిపియ్యలేను. గోడ మీది నుంచి గది తీస్తే దానికి అమ్మ ఉండదు."

సరేనన్నాను. నాకు మాత్రం వేరే దారేముంది. ఫోటో అచ్చువేస్తే ఫిల్మ్‌నగర్ అంతా నా చావు కబురు చదువుతుంది. వేయకపోతే ఎందుకు వేయలేదని ఆ పిల్ల అడుగుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి ఆ పేజీ ఫోటో లేకుండానే అచ్చయింది గాని, అది మేము కూర్చుని నిర్ణయించింది కాదు.

బోనాలు అయిపోయాయి. తండ్రి దగ్గర్నుంచి ఫోన్ రాలేదు. నేను చేస్తే ఎత్తలేదు. పిల్ల మాత్రం రోజూ మెసేజ్ పెట్టేది, ఫోటో పేజీ ఎలా వచ్చిందో చూపించమని. నేను ప్రింటర్ మీద నెపం వేస్తూ వచ్చాను. ఈ ఊళ్ళో ఏ పని ఆగినా ప్రింటర్ మీదే కదా వేస్తాం.

ఒక మధ్యాహ్నం వాన గట్టిగా పడుతోంది. పబ్లిషరుగారు హాలు వాళ్ళతో బేరానికి వెళ్ళాడు. నేను ఒక్కదాన్నే ప్రూఫు దిద్దుకుంటున్నాను. గుమ్మంలో గొడుగు మడిచిన చప్పుడైంది. "మేడం, సర్ప్రైజ్. లంచ్ బ్రేక్ల వచ్చిన, మీరు ఎట్లయినా పేజీ చూపిస్తలేరని" అంటూ నవ్వుతూ లోపలికి వచ్చింది. ముక్కుకి రాయి ఉన్న ముక్కుపుడక. నేను తలెత్తాను. దాక్కోవడానికి టేబుల్ కింద తప్ప చోటు లేదు.

ముందు ఆ నవ్వు అలాగే ఉంది. తర్వాత కళ్ళు ముందుకి వచ్చాయి, నవ్వు వెనకబడిపోయింది. ఆమె నన్ను చూడటం మొదలుపెట్టింది. నా కళ్ళద్దాలు, నెరిసిన జుట్టు, గడ్డం కింద వేలాడే చర్మం, ఒక్కొక్కటే చూసింది. తల నెరిసిపోయింది, లావయ్యాను, గుర్తుపట్టదులే అని నాకు నేను సర్దిచెప్పుకుంటున్నాను. ఆమె ఫోన్ తీసి, దేనికోసమో వెతికి, నా మొహం ముందు పెట్టింది.

అందులో నేనున్నాను. దండ ఉన్న ఆ పాత ఫోటో కాదు. ఇప్పటి నేను. నెరిసిన జుట్టు, బుగ్గల మీద మచ్చలు, పెదవుల పక్కన గీతలు, గడ్డం కింద వేలాడే ఆ చర్మంతో సహా. కళ్ళద్దాలు లేవు, అంతే తేడా. నన్ను ఎవరూ తీయని ఫోటో అది.

ఆమే ఆగి ఆగి చెప్పింది. ఆఫీసులో తన పని అదేనట, హీరోలని ముసలివాళ్ళని చేయడం, ముసలివాళ్ళని కుర్రాళ్ళని చేయడం. పని నేర్చుకోగానే అప్పటిదాకా గడిచిన ఏళ్ళన్నీ అమ్మ ఫోటోకి ఒకేసారి కలిపిందట, అక్కడి నుంచి ఏటేటా అమ్మ పోయిన రోజున ఒక ఏడు కలుపుతుందట. ఒక వెంట్రుక నెరిపించి, ఒక గీత పెట్టి. బతికుంటే ఇప్పుడిట్లుండేది అని చూసుకోవడానికి. కథ అలా వచ్చిందట.

ఆ తర్వాత ఆమె అడిగింది నేను ఎదురుచూసింది కాదు. ఫోటో ఎవరిదని అడగలేదు.

"నన్నెందుకు ఇడిసిపెట్టి పోయినవ్?" అంది.

మేడం అన్న పిలుపు పోయింది, మీరు అనడం పోయింది. ఆమె లెక్కలో నేను చచ్చిపోలేదు, వదిలేసి వెళ్ళిపోయాను. పసిపిల్లని తండ్రి చేతుల్లో పెట్టేసి, వాళ్ళింటికి పావుగంట దూరంలో ఇన్నేళ్ళూ హాయిగా పుస్తకాలు దిద్దుకుంటూ కూర్చున్నాను. తండ్రి ఆ సిగ్గు దాచడానికి గోడకి దండ వేశాడు. ఎంత తిన్నగా అతికిందో ఆ కథ. నేను నా జీవితంలో ఇన్ని కథలు ఏరాను, ఇంత లోపం లేని కథ ఇంకోటి చూడలేదు.

నేను కాదమ్మా అన్నాను. నేను మీ అమ్మని కాదు అన్నాను. ఆమె వినలేదు. నా కళ్ళెదుటే తండ్రికి ఫోన్ చేసింది. "నాయినా, అమ్మ ఈడనే ఉంది. ఫిల్మ్‌నగర్ల. నువ్వు రా" అని పెట్టేసింది.

ఆయన వచ్చేలోగా నేను అంతా చెప్పాను. రానన్న ఆర్టిస్టు, డైరెక్టరు మాట, ఆకుపచ్చ చీర, జిగురు, అన్నీ. ఆమె అబద్ధం వింటున్నట్టే విన్నది. ఇక ఏం చెప్పాలో తెలియక లేచి, కళ్ళద్దాలు తీసేసి, కిటికీ దగ్గర వెలుతురులో నా మొహం ఆమె మొహానికి దగ్గరగా పెట్టాను. చూడు, నా ముక్కుకి రంధ్రం ఉందేమో చూడు అన్నాను. చూసింది. ఒకవైపు, ఇంకోవైపు. వేలితో తాకి కూడా చూసింది. నాకు ముక్కు ఎప్పుడూ కుట్టలేదు. ఆమె చెయ్యి నా ముక్కు మీది నుంచి తన ముక్కుపుడక మీదికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. అప్పుడు నమ్మింది. నమ్మినప్పుడు ఆమె మొహం చూడలేక నేను కిటికీలోంచి బయటికి చూశాను. పరాయి మనిషినని రుజువు చేసుకోవడం అంత కష్టంగా ఉంటుందని నాకు తెలియదు.

తండ్రి తడిసి ముద్దై వచ్చాడు. గుమ్మం దగ్గరే మా ఇద్దరి మొహాలూ చూసి ఆయనకి అర్థమైపోయింది. లోపలికి వచ్చి గోడకానుకుని కింద కూర్చున్నాడు, కుర్చీ ఉంది అన్నా వినలేదు. కూతురు తిడుతుందని ఎదురుచూస్తున్నాడు. నేనూ అదే అనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె వెళ్ళి ఆయన ముందు కూర్చుని, జేబురుమాలుతో ఆయన తల తుడిచింది.

"గది పోనియ్ నాయినా. అమ్మ ఎట్లుంటుండె? అసలు అమ్మ. నువ్వు చూసినవ్ కద. చెప్పు, నేను బొమ్మ చేసుకుంట. ముక్కు ఎట్లుంటుండె, కండ్లు ఎట్లుంటుండె, చెప్పు."

ఫోన్‌లో ఏదో ఖాళీ పేజీ తెరిచి పట్టుకుంది. ఆయన నోరు తెరిచాడు. మూశాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ముక్కు చివర నుంచి వాననీళ్ళు కారుతున్నాయి. కళ్ళు తెరిచినప్పుడు కూతురి వైపు చూడలేదు, నా వైపు చూశాడు.

"కండ్లు మూస్తే గీ మేడమే అగుపిస్తది బిడ్డా" అన్నాడు. "రోజూ గా ఫోటోకే దీపం పెట్టిన. మీ అమ్మ మొహం నా యాదిలకెల్లి ఎప్పుడు పోయిందో పోయింది."

ఆమె ఫోన్ ఒళ్ళో పెట్టుకుని మెల్లగా నా వైపు తిరిగింది. ఇద్దరూ నన్నే చూస్తున్నారు. తల తిప్పుకుందామనుకున్నాను, తిప్పుకోలేకపోయాను.